గిటారు వాయింపనేరని గిటారు శిల్పి: లియో ఫెండరు (1909–1991)

గిటారు నేర్చుకొనుచున్న బాలురు మొదట కోరునది పెద్ద శబ్దము. పిమ్మట కోరునది మంచి నాదము. ఈ రెండును ఒకటి కావని తెలిసికొనుటకు కొందఱికి సంవత్సరములు పట్టును. క్రిస్మసు కార్యక్రమమునకు సిద్ధపడునపుడు ఆంప్లిఫయరు నాబును చివరివరకు త్రిప్పి, తోడి గాయకుల కంఠములను ముంచివేసి, అయినను నాదము బాగుగా లేదని చింతించు యువకులను ఉపాధ్యాయులమైన మేము ఎఱుగుదుము. వారు ఇంతకంటె పెద్ద యంత్రము కొనిపెట్టుమని తలిదండ్రులను వేడుకొందురు. అట్టివారును, వారి తలిదండ్రులును చదువదగిన జీవితచరిత్ర యొకటి కలదు. అది అమెరికా దేశస్థుడైన లియో ఫెండరు చరిత్ర.

నేడు లోకమున విద్యుద్గిటారు వినబడు చోటనెల్ల ఈతని చేతిపని కొంతైనను వినబడుచుండును. ఈతడు చేసిన గిటారులనో, ఆంప్లిఫయరులనో, లేక వాటిని చూచి ఇతరులు చేసిన వాటినో వాయింపని వాద్యకారుడు అరుదు. అయినను ఆశ్చర్యకరమైన సంగతి యేమనగా, లియో ఫెండరు గిటారు వాయించుట ఎన్నడును నేర్చుకొనలేదు. దాని తీగలను శ్రుతి చేయుటయు ఆయనకు చేతకాలేదు. వాయింపనేరనివాడు వాయించువారికి ఇంత మేలు ఎట్లు చేయగలిగెను? ఆ ప్రశ్నకు ఆయన జీవితమే ప్రత్యుత్తరము.

బాల్యము

క్లారెన్సు లియోనిడాసు ఫెండరు 1909 వ సంవత్సరము ఆగస్టు 10 వ తేదీన కాలిఫోర్నియా రాష్ట్రమున జన్మించెను. ఆయన తలిదండ్రులు అనహైము, ఫుల్లర్టను అను పట్టణముల నడుమ నారింజతోట పెట్టుకొని జీవించు కృషీవలులు. ఎనిమిదేండ్ల ప్రాయమున ఈ బాలుని ఎడమ కంటిలో వ్రణము పుట్టెను. వైద్యులు ఆ కంటిని తీసివేసి గాజుకన్ను నమర్చిరి. ఒంటికంటితో పెరిగిన ఆ బాలుడు చిన్నతనమున పియానోను, శాక్సఫోనును కొంత అభ్యసించెను గాని, ఆయన మనస్సు సంగీతముకంటె యంత్రములపైననే ఎక్కువగా నిలిచియుండెను.

ఆయనకు పదమూడేండ్లు నిండినపుడు మేనమామ వరుసయగు బంధువొకడు ఒక పెట్టె పంపెను. ఆ బంధువు శాంటా మరియా అను ఊర మోటారు బండ్ల విద్యుత్పరికరములను బాగుచేయు అంగడి నడుపుచుండెను. పెట్టెలో నున్నవి ఒక బ్యాటరీయు, పనికిరావని పారవేసిన రేడియో భాగములును. ఇతరులకు చెత్తగా కనబడిన ఆ పెట్టె లియోకు నిధి యయ్యెను. మరుసటి యేడు ఆయన ఆ అంగడికి పోగా, విడిభాగములతో కూర్చిన రేడియో యొకటి వాకిట నిలువబెట్టబడి వీధి యంతయు వినబడునట్లు పాడుచుండెను. ఆ గట్టి నాదము తన హృదయమున చెరగని ముద్ర వేసెనని ఆయన పెద్దవాడైన తరువాత చెప్పుచుండెడివాడు. అంతట ఇంటికి వచ్చి, తలిదండ్రుల గృహముననే చిన్న పనిచోటు ఏర్పరచుకొని, ఇరుగుపొరుగువారి రేడియోలను బాగుచేయ నారంభించెను.

ఉద్యోగము పోయిన తరువాత

1928 లో ఫుల్లర్టను యూనియను ఉన్నత పాఠశాలలో చదువు ముగించి, ఆ పట్టణపు జూనియరు కళాశాలలో ప్రవేశించెను. అచ్చట ఆయన చదివినది విద్యుచ్ఛాస్త్రము కాదు, పద్దుల లెక్కలు. రేడియో విద్య యంతయు తానుగా పుస్తకములు చదివియు, చేతితో చేసి చూచియు సంపాదించుకొన్నదే. తరువాత మంచుగడ్డలు సరఫరాచేయు కంపెనీలో బట్వాడా పనివాడుగా చేరి, కొంతకాలమునకు అక్కడనే లెక్కలు వ్రాయువా డయ్యెను. ఆ దినములలో ఒక వాద్యబృందము నాయకుడు నాట్యశాలలలో వాడుటకు మైకుతోడి ధ్వనివర్ధక యంత్రములు చేసి ఈయగలవా యని యడుగగా, ఫెండరు అట్టివి ఆరు చేసి యిచ్చెను.

1934 లో ఎస్తేరు క్లాస్కీ అను కన్యను వివాహమాడెను. రాష్ట్రప్రభుత్వపు రహదారుల శాఖలో లెక్కల ఉద్యోగము దొరకెను. కాని అది ఆర్థికమాంద్యపు కాలము. ఆ ఉద్యోగము తీసివేయబడెను. పిమ్మట చక్రపు టైర్ల కంపెనీ యొకదానిలో చేరగా, ఆరు నెలలకే అదియు పోయెను. ఇల్లాలిని పోషింపవలసిన యువకునకు రెండు ఉద్యోగములు వరుసగా పోయినపుడు ఎంత దిగులు కలుగునో మన పెద్దలకు తెలియనిది కాదు. ఫెండరు మూడవ ఉద్యోగమునకై వెదకుచు కూర్చుండక, 1938 లో ఆరువందల డాలర్లు అప్పు తెచ్చి, ఫుల్లర్టనులో రేడియోలు బాగుచేయు అంగడి తెఱచెను. బాల్యమునుండి వినోదముగా చేసినదే ఇప్పుడు జీవనాధార మయ్యెను.

ఆ అంగడియే ఆయనకు నిజమైన కళాశాల. వాద్యకారులు తమ ఆంప్లిఫయరులను చెడిపోయినపుడెల్ల ఆయనయొద్దకు తెచ్చుచుండిరి. ఏ భాగము ముందుగా కాలిపోవునో, ఏ తీగ తెగునో, ఏ పెట్టె బండిలో కుదుపులకు విచ్చిపోవునో ఆయన దినదినమును చూచుచుండెను. కావుననే తాను స్వయముగా యంత్రములు చేయ మొదలిడినపుడు, అవి చెడకుండుటయే గాక, చెడినను సులభముగా బాగుచేయబడునట్లు అమర్చెను. ఏ గూటిలో ఏ వాల్వు పెట్టవలెనో తెలుపు కాగితము పెట్టెలోపలనే అంటింపబడియుండెను. దూరపు ఊళ్లలో నుండు సామాన్య రేడియో పనివానికిని అర్థమగునట్లు ఆ పని జరిగెను.

డాక్ కాఫ్‌మను అను వాద్యకారుడు ఆయనకు మిత్రుడై, ఇరువురును కలిసి 1945 లో హవాయి పద్ధతి గిటారులను, చిన్న ఆంప్లిఫయరులను చేసి అమ్మజొచ్చిరి. ఈ గిటారును ఒడిలో పెట్టుకొని, ఉక్కు కడ్డీతో తీగలపై జార్చుచు వాయింతురు. వ్యాపారము పెంచుటకు ఫెండరు అప్పు చేయ దలంపగా కాఫ్‌మను భయపడి, మరుసటి యేడు భాగస్వామ్యమునుండి తొలగెను. స్నేహము మాత్రము చెడలేదు. ఫెండరు 1946 లో తన పేరిట కంపెనీ నెలకొల్పి, నున్నని గట్టి కఱ్ఱ పెట్టెలలో అమర్చిన మూడు తరగతుల ఆంప్లిఫయరులను విడుదల చేసెను. ప్రిన్స్‌టను, డీలక్సు, ప్రొఫెషనలు అని వాటి పేరులు.

వాల్వు చేయు పని

ఈ యంత్రముల గుణమును గ్రహించుటకు వాల్వు అనగా నేమో కొంత తెలిసికొనవలెను. మన తాతల కాలపు రేడియోల వెనుక ఎఱ్ఱగా వెలుగుచు వెచ్చగానుండు గాజుబుడ్లను కొందఱు చూచియుందురు. వాటికే ట్యూబులనియు పేరు. బుడ్డిలోని గాలి తీసివేయబడియుండును. మధ్యనున్న లోహపుగొట్టము వేడెక్కగానే దానినుండి ఎలక్ట్రానులు బయలుదేరి, చుట్టునున్న లోహపు రేకునకు పరుగెత్తును. ఈ రెంటి నడుమ జల్లెడవంటి తీగ యొకటి కలదు. ఆ జల్లెడకు అత్యల్పమైన విద్యుత్తు తగిలినను పెద్ద ప్రవాహము హెచ్చుచు తగ్గుచు నుండును. కాలువ తూము తలుపును చిన్నపిల్లవాడు పైకి క్రిందికి జరిపినను గొప్ప నీటిధార దానికి లోబడినట్లే యిదియును. 1906 లో లీ డి ఫారెస్టు అను అమెరికా దేశస్థుడు ఇట్టి మూడు భాగముల దీపమును నిర్మించెను.

గిటారు తీగ ఉక్కుతో చేయబడినది. దాని క్రింద అయస్కాంతమును, దానిచుట్టు సన్నని రాగితీగ చుట్టలును ఉండును. దీనిని పికప్ అందురు. తీగ కదలగా రాగిచుట్టలో అత్యల్పమైన విద్యుత్తు పుట్టును. ఆంప్లిఫయరులోని చిన్న వాల్వులు దానిని కొంత పెంచును. పెద్ద వాల్వులు దానికి బలమిచ్చును. ట్రాన్సుఫార్మరు ఆ బలమును లౌడుస్పీకరునకు తగినట్లు మార్చి యందించును. ఇందు ప్రతి మెట్టును నాదముపై తన ముద్ర వేయుచునే యుండును. కావున ఆంప్లిఫయరు గిటారునకు వెనుకనుండు సేవకుడు మాత్రమే కాదు. అది గిటారులో సగభాగము.

విమర్శను వినుట

తాను వాయింపలేడు గనుక, తన పని మంచిదో చెడ్డదో తీర్పు చెప్పుటకు ఫెండరు ఇతరుల చెవులనే ఆశ్రయింపవలసి వచ్చెను. క్రొత్త యంత్రము చేసినపుడెల్ల ఆ ప్రాంతపు వాద్యకారులకు అరువిచ్చి, రాత్రి నాట్యశాలలో వాయించి చూడుమని కోరుచుండెను. మరునాడు వారు చెప్పిన లోపములను విని, మార్చి, మరల ఇచ్చుచుండెను. హవాయి దీవులలో పుట్టిన ఫ్రెడ్డీ టవారెస్ అను నేర్పరియైన గిటారు వాద్యకారుడు 1953 లో ఆయన కంపెనీలో చేరి, ఆ చెవులకు తోడయ్యెను. తన చేతిపనిని నిందించినవానిని శత్రువుగా చూడక, ఉచితముగా చదువు చెప్పిన ఉపాధ్యాయునిగా చూచుట ఫెండరు అలవాటు.

ఈ విధముగా 1951 లో టెలికాస్టరు గిటారును, అదే యేట విద్యుద్బాసు గిటారును, 1954 లో స్ట్రాటోకాస్టరు గిటారును వెలువడెను. బిల్ కార్సను మొదలగు వాద్యకారులు తమ శరీరమునకు గిటారు అంచులు గ్రుచ్చుకొనుచున్నవని చెప్పగా, స్ట్రాటోకాస్టరు అంచులు నునుపుగా చెక్కబడెను. బాసు గిటారుకొఱకు 1952 లో బాస్‌మను అను ఆంప్లిఫయరు చేసెను. దానిలో మొదట 15 అంగుళముల స్పీకరు ఒక్కటియే యుండెను. కొన్నియేండ్లలో దానికి బదులు 10 అంగుళములవి నాలుగు అమర్చబడెను. బాసుకొఱకు పుట్టిన ఆ యంత్రము సామాన్య గిటారునకే మిక్కిలి సొగసుగా నప్పెనని వాద్యకారులు కనుగొనిరి.

1960 ప్రాంతమున డిక్ డేల్ అను యువకుడు కాలిఫోర్నియా సముద్రతీరపు నాట్యశాలలో అతివేగముగా, అతిబలముగా వాయించుచు, ఫెండరు ఇచ్చిన ఆంప్లిఫయరులను ఒకదాని తరువాత నొకటి పాడుచేయుచుండెను. మరియొక వర్తకుడైనచో అతని దురుసుతనమును నిందించి పంపివేసియుండును. ఫెండరును టవారెసును నాట్యశాలకే వెళ్లి, జనసమ్మర్దము నడుమ నిలువబడి వినిరని డేల్ తరువాతి కాలమున చెప్పెను. ఖాళీ గదిలో చాలునన్న శబ్దమును వేలమంది శరీరములు మ్రింగివేయునని వారు అక్కడ తెలిసికొనిరట. అంతట పెద్ద ట్రాన్సుఫార్మరు, 15 అంగుళముల బలమైన స్పీకరు గల షోమను అను ఆంప్లిఫయరు తయారయ్యెను.

దోషమే గుణమైన విధము

ఫెండరు కోరినది స్వచ్ఛమైన నాదము. హవాయి గిటారు వాయించువారును, పల్లెపాటల వాద్యకారులును ఆయన తొలి మిత్రులు. వారికి నీటిచుక్కవలె నిర్మలమైన స్వరము కావలసియుండెను. ఆంప్లిఫయరును దాని శక్తికి మించి నడిపినచో నాదము పగులును; దీనిని నిపుణులు డిస్టార్షను అందురు. ఆయన దృష్టిలో అది లోపము. దానిని తొలగించుటకే ఆయన సంవత్సరముల తరబడి శ్రమించెను. ప్రతి క్రొత్త నమూనాయందును మునుపటికంటె హెచ్చు శక్తిని, హెచ్చు స్వచ్ఛతను సాధింప యత్నించెను.

కాని పేదలైన వాద్యకారులు చిన్న ఆంప్లిఫయరులనే కొని, పెద్ద గదులలో వినబడుటకై వాటిని చివరివరకు పెంచుచుండిరి. అప్పుడొక విచిత్రము జరిగెను. వాల్వు తన హద్దును చేరునపుడు గోడకు తల తగిలినట్లు ఒక్కసారిగా నిలిచిపోదు. పరుపుపై వాలినట్లు మెల్లగా హద్దు చేరును. అప్పుడు మూలస్వరముతోబాటు దానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతలు వేగముగల అనుస్వరములు బలపడును. స్వరము చిక్కనై, వయొలిను స్వరమువలె ఎక్కువసేపు నిలుచును. విద్యుత్తును సరిజేసి యందించు వాల్వు కూడ గట్టిదెబ్బకు ఒక క్షణము సోలి, మరల తేరుకొనును. అందుచే స్వరము ఊపిరి పీల్చి విడిచినట్లు వినబడును. నిర్మాత లోపమన్న దానిలో వాద్యకారులు మనుష్యకంఠపు ఆర్తిని వినిరి.

ఆ నాదము సముద్రము దాటెను. లండను పశ్చిమభాగమున జిమ్ మార్షలు అను డ్రమ్ముల వాద్యకారుడు వాద్యముల అంగడి నడుపుచుండెను. అమెరికా ఆంప్లిఫయరులు అచ్చట మిక్కిలి ప్రియము. తమకు అట్టిది చేసి యిమ్మని యువకులు కోరగా, ఆయనయు ఆయన పనివారును ఫెండరు బాస్‌మను నమూనాను ముందుంచుకొని, 1962 ప్రాంతమున తమ మొదటి యంత్రమును కూర్చిరి. ఇంగ్లండులో దొరకు వాల్వులు, స్పీకరులు వేఱగుటచేత దాని నాదమును కొంత వేఱయ్యెను. పెంచినకొలది మరింత గర్జించెను. కొన్ని సంవత్సరములకే జిమీ హెండ్రిక్సు ఫెండరు చేసిన స్ట్రాటోకాస్టరును మార్షలు ఆంప్లిఫయరునకు తగిలించి లోకమును విస్మయపరచెను. గిటారు ఫెండరుదే, ఆంప్లిఫయరు మూలమును ఫెండరుదే. కాని ఆ రెంటినుండి వెలువడిన నాదమును ఫెండరు ఊహించియుండలేదు.

తాను దోషమని తలంచినది ఇతరులు గుణముగా స్వీకరించుట ఏ పనివానికైనను కష్టముగా నుండును. వాద్యమును చేయువాడు ఒకడు, వాయించువాడు మరియొకడు. చేసినవాడు తన పనిని శ్రద్ధగా ముగించి యిచ్చిన తరువాత, అది ఏ పాట పాడవలెనో అతడు ఆజ్ఞాపింపలేడు. బిడ్డలను పెంచి లోకములోనికి పంపు తలిదండ్రులకును, ఉపాధ్యాయులకును ఈ సంగతి అనుభవపూర్వకముగా తెలిసినదే.

వ్యాధియు, అమ్మకమును

1955 లో ఫెండరునకు ముక్కుపై ఎముకల కుహరములలో సూక్ష్మజీవులవలన వ్యాధి సోకెను. అది సంవత్సరముల తరబడి ఆయనను పీడించెను. తాను దీర్ఘకాలము బ్రదుకనని నమ్మి, వ్యవహారములు చక్కబెట్టుకొనదలచి, 1965 జనవరిలో కంపెనీని సి. బి. ఎస్. అను గొప్ప సంస్థకు 1 కోటి 30 లక్షల డాలర్లకు అమ్మివేసెను. ఆరువందల డాలర్ల అప్పుతో మొదలైన అంగడి ఇరువదియేడు సంవత్సరములలో ఆ స్థితికి వచ్చెను.

ఇక్కడ విధివిలాసము గమనింపదగినది. అమ్మకము జరిగిన కొంతకాలమునకే ఆయన వేఱొక వైద్యునియొద్దకు పోగా ఆ వ్యాధి నయమయ్యెను. మరణమునకు సిద్ధపడినవాడు ఆరోగ్యవంతుడై లేచి చూచుసరికి, తన పేరు తలుపుమీదనున్న కర్మాగారము తనది కాదు. పది సంవత్సరములు ఆ వ్యాపారమునకు పోటీ చేయనని మాట యిచ్చియుండెను. క్రొత్త యాజమాన్యము క్రింద సరకు నాణ్యత తగ్గినదని వాద్యకారులు మొఱపెట్టజొచ్చిరి. పాతకాలపు ఫెండరు వాద్యములకు ధర పెరుగుచు వచ్చెను. 1985 లో సి. బి. ఎస్. వారు ఆ కంపెనీని దానిలోని ఉద్యోగులకే అమ్మివేసిరి.

చివరి సంవత్సరములు

ధనము సమృద్ధిగా నున్నను ఫెండరు విశ్రాంతి కోరలేదు. 1975 లో మ్యూజిక్ మాన్ అను కంపెనీకి అధ్యక్షుడయ్యెను. 1979 లో భార్య ఎస్తేరు మరణించెను. ఆ దుఃఖముననే పాతమిత్రుడైన జార్జి ఫుల్లర్టనుతో కూడి జి అండ్ ఎల్ అను మరియొక గిటారు కంపెనీ నారంభించెను. ఆ పేరులోని అక్షరములు జార్జి, లియో అను పేరులకు గుర్తు. 1980 లో ఫిలిస్ అను ఆమెను పునర్వివాహ మాడెను. పార్కిన్‌సను వ్యాధి చేతులను, కాళ్లను స్వాధీనము తప్పించుచున్నను, మరణమునకు కొలది దినముల ముందువరకును కర్మాగారమునకు వచ్చి తన బల్లయొద్ద కూర్చుండి పనిచేయుచునేయుండెను. 1991 మార్చి 21 వ తేదీన, తన ఎనుబదియొకటవ యేట, పుట్టిన ప్రాంతముననే కన్ను మూసెను. మరుసటి యేడు అమెరికాలోని రాక్ సంగీత గౌరవమందిరమున ఆయన పేరు చేర్చబడెను.

ఆయన యంత్రములు మనకు నేర్పునవి

గిటారు వాయించు విద్యార్థులకు ఈ చరిత్రనుండి కొన్ని ఉపయోగకరమైన సంగతులు దొరకును. మొదటిది: పెద్ద ఆంప్లిఫయరు మంచి నాదమునకు హామీ కాదు. 50 వాట్ల యంత్రమునకు బదులు 100 వాట్ల యంత్రము కొన్నను చెవికి కొంచెమే హెచ్చుగా వినబడును; రెట్టింపు శబ్దముగా తోచవలెనన్న సుమారు పదిరెట్లు శక్తి కావలెను. ఫెండరు చేసిన వాటిలో అతిచిన్నదగు చాంపు ఆంప్లిఫయరు శక్తి సుమారు 5 వాట్లు మాత్రమే. వాల్వులు కొంత శ్రమపడునపుడే వాటి మాధుర్యము బయటపడును. కావున గది పరిమాణమునకు తగిన చిన్న యంత్రమును సగమునకు పైగా పెంచి వాయించుట, పెద్దదానిని అడుగంట తగ్గించి వాయించుటకంటె మేలు.

రెండవది: ఆంప్లిఫయరును ముట్టకముందు గిటారును చక్కజేసికొనవలెను. త్రుప్పుపట్టిన తీగలు, తప్పిన శ్రుతి, నిలుకడలేని వ్రేళ్లు, వీటిని ఏ వాల్వును దాచలేదు. పెంచి మరింత స్పష్టముగా చూపును. గిటారుపైనున్న నాబును కొంచెము తగ్గించినచో నాదము నిర్మలమగును, పెంచినచో చిక్కనగును. ఈ ఒక్క నాబును వ్రేలితో నడుపుట నేర్చినవానికి వేఱు యంత్రము లక్కఱలేదు. ధ్వనిని పెంచినకొలది మంద్రపు నాబును తగ్గించవలెను. లేనియెడల నాదము బురదవలె కలగిపోవును. ఫెండరు పద్ధతి యంత్రములలో తారమును మంద్రమును పెంచినకొలది మధ్యస్వరములు వెనుకబడును. గిటారు హృదయము మధ్యస్వరములలోనే యున్నది గనుక, ఆ రెంటిని తగ్గించి వాయించి చూడవలెను.

మూడవది: వాయించువాడు తన పాదములయొద్ద పెట్టె నుంచుకొనినచో, పదునైన తారధ్వనులు మోకాళ్ల ప్రక్కనుండి నేరుగా ముందువరుసవారి ముఖములపైకి పోవును. తనకు మందముగా వినబడుచున్నదని మరింత పెంచును. ముందువారు చెవులు మూసికొందురు. పెట్టెను బల్లపై నుంచియైనను, వెనుకకు వాల్చియైనను స్పీకరును తన చెవివైపునకు త్రిప్పుకొనవలెను. ఇతరులు వినుచున్నది తానును వినగలిగినపుడే సరియైన హద్దు తెలియును.

నాలుగవది జాగ్రత్త. వాల్వు ఆంప్లిఫయరును స్పీకరు తగిలింపకుండ నడుపరాదు, ట్రాన్సుఫార్మరు కాలిపోవచ్చును. లోపల 400 వోల్టులును అంతకు మించియు విద్యుత్తు ప్రవహించును. మీట నార్పి, తీగ ఊడదీసిన తరువాత కూడ కెపాసిటరులలో ప్రాణము తీయగల విద్యుత్తు నిలిచియుండవచ్చును. కావున బాలు రెవరును వెనుకపలక విప్పరాదు. వాల్వులు పాతబడి నాదము నిస్తేజమైనపుడు, తెలిసిన పనివానిచేతనే మార్పించి, వాటికి తగిన విద్యుత్తును సరిచేయింపవలెను.

ముగింపు

నేటి మన తెలుగు సంఘములలో హార్మోనియము, తబలాలతోబాటు గిటారును ఆరాధనలో చేరినది. మన బాలు రనేకులు దానిని ప్రేమతో నేర్చుకొనుచున్నారు. వారిలో కొందఱు మంచి వాద్యకారులగుదురు. మరికొందఱికి వ్రేళ్లు తిరుగవు, స్వరజ్ఞానము చాలదు. వారు సిగ్గుపడి వెనుకవరుసకు పోవుదురు. అట్టివారికి నేను ప్రత్యేకముగా ఈ చరిత్రను సమర్పించుచున్నాను. తీగలు చుట్టువాడు, పెట్టె మోయువాడు, చెడిన యంత్రమును బాగుచేయువాడు, గది వెనుక నిలిచి వినువాడు, వీరు లేక సంగీతము లేదు. అపొస్తలుడైన పౌలు సంఘమును అనేకావయవములుగల శరీరముతో పోల్చినాడు గదా. చేయి కానంతమాత్రమున చెవి నిరుపయోగమైనది కాదు.

లియో ఫెండరునకు దేవుడు గిటారు వాయించు వ్రేళ్లను ఈయలేదు. రెండు కన్నులలో నొకటియు పోయెను. ఆయన లేనివాటికై చింతింపక, ఉన్న చెవిని ఇతరుల మాట వినుటకును, ఉన్న చేతులను వారి అక్కఱ తీర్చుటకును ఉపయోగించెను. మంచి నాదము కోరు విద్యార్థి మొదట చేయవలసిన పనియు అదియే. ఈసారి గానాభ్యాసమునకు వచ్చునపుడు, ఆంప్లిఫయరు నాబుపై చేయి వేయకముందు ఒక క్షణము ఆగి, ప్రక్కనున్నవాడు పాడుచున్న పాటను వినుడు. ఎంత పెంచవలెనో ఆ పాటయే మీకు చెప్పును.